మా ఊరగాయకి ‘ఊరు’ అని పేరు పెట్టబోతే

ట్రేడ్‌మార్కు దరఖాస్తులో ఒక గడి ఉంటుంది. మనం పెట్టుకునే పేరు హిందీ, ఇంగ్లీషు కాకుండా వేరే లిపిలో ఉంటే, దాన్ని ఇంగ్లీషు అక్షరాల్లో ఎలా రాస్తారు, అర్థం ఏమిటి, ఏ భాష మాట అని అడుగుతుంది. రెండక్షరాల తెలుగు మాటకి ఆ ఒక్క గడి నింపడానికి నాకు మూడు వారాలు పట్టింది. మిగతా ఫారం అంతా కలిపి నలభై నిమిషాలు. ఎందుకంత పట్టిందో ఒకసారి రాయమని ఇద్దరు ముగ్గురు అడిగారు, అందుకే ఇది.

మాది విశాఖపట్నంలో మధురవాడ. అత్తయ్య నలభై ఏళ్ళుగా పచ్చళ్ళు పెడుతున్నారు. మొదట ఇంటికి, తరవాత చుట్టాలకి, కరోనా టైంలో అపార్ట్‌మెంట్ వాళ్ళకి, ఆ తరవాత వాళ్ళ చుట్టాలకి, అలా పెరిగిపోయింది. నేను ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పి మానేశాను కాబట్టి డబ్బాలు, కొరియర్లు, జమాఖర్చులు నా వంతు. రెండేళ్ళ కిందట ఆహార భద్రత వాళ్ళ దగ్గర, అదే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ, రిజిస్ట్రేషన్ చేయించాం, 14 అంకెల నంబరు వచ్చింది, సీసా మీద వేశాం, అయిపోయింది. పేరు దగ్గరే చిక్కంతా.

పోయినేడు మే నెలలో మాగాయ పెడుతున్నాం. కాయ చెక్కు తీసి, ముక్కలు తరిగి, ఉప్పూ పసుపూ వేసి జాడీలో పెట్టేస్తే మూడో రోజుకి ముక్కలు సగానికి దిగిపోయి, పైన పచ్చటి ఊట నిలబడి ఉంటుంది. ఆ ఊటలోకి వేలు ముంచి నాలిక మీద పెట్టుకుంటే ఉప్పు ముందు తగులుతుంది, ఒక క్షణం ఆగి పులుపు వచ్చి దవడలు పట్టేస్తుంది. ముక్కల్ని గట్టిగా పిండి డాబా మీద ఎండలో వేస్తాం, ఊటని విడిగా ఉంచి తరవాత మళ్ళీ రెండూ కలుపుతాం. ఆ రోజు అత్తయ్య జాడీలోకి తొంగి చూసి “బాగా ఊరింది” అన్నారు. అదే నిమిషంలో మా ఆయన ఫోన్లో ఎవరితోనో “ఈ ఆదివారం ఉండను, ఊరు వెళ్తున్నాను” అంటున్నారు. నాకు ఠక్కున వెలిగింది. ఊరు! పుట్టిన ఊరూ ఉంది, ఊరిన కాయా ఉంది, నోరూరడమూ ఉంది. రెండే అక్షరాలు, సీసా మూత మీద పట్టేస్తుంది.

అత్తయ్యకి నచ్చలేదు. “ఏ ఊరమ్మా? పేరు లేని ఊరేటి?” అన్నారు. పైగా ఆవిడది బొబ్బిలి వైపు. మా వైపు ఊళ్ళ పేర్లు వలస, పాలెం, పేట అని ఉంటాయి గాని ఊరు అని ఉండడం గుంటూరు, ఏలూరు, నెల్లూరు వాళ్ళ అలవాటనీ, వాళ్ళ పచ్చడనుకుని కొంటారనీ ఆవిడ అభ్యంతరం. నేను వినలేదు.

ద్వారకానగర్‌లో మా ఆడిటర్ గారి దగ్గర ఈ పనులు చూసే కుర్రాడొకడున్నాడు, చురుకైనవాడు. సరుకులూ సేవలూ కలిపి 45 తరగతులుంటాయనీ, ఊరగాయలు 29లోకీ కారప్పొడి లాంటివి 30లోకీ వస్తాయనీ, తరగతికి ఒక ఫీజనీ, మాలాంటి చిన్నవాళ్ళకి ఆన్‌లైన్లో 4,500 రూపాయలనీ, ఆంధ్రా దరఖాస్తులు చెన్నై ఆఫీసు చూస్తుందనీ, రిజిస్టరైతే పదేళ్ళు ఉంటుందనీ గడగడా చెప్పేశాడు. మనలాంటి పేరు ఇంకెవరైనా పెట్టేసుకున్నారేమో వెతికాడు. అచ్చంగా అదే మాట ఉందేమో ఒకసారి, వినడానికి అలా ఉండేవి ఉన్నాయేమో ఇంకోసారి. అంతవరకూ సాఫీగా సాగింది. తరవాత ఆ గడి వచ్చింది.

“అర్థం ఏం వేయమంటారు మేడమ్?”

“రెండూ వెయ్యి బాబూ. ఒకటి గ్రామం, ఇంకోటి ఊరడం.”

కీబోర్డు మీంచి చేతులు తీసేశాడు. “ఊరగాయ సీసా మీద ఊరడం అని పేరంటే ఉప్పు పొట్లం మీద ఉప్పన అని రాసినట్టే మేడమ్. సరుకు గుణం చెప్పే మాటని ఒక్కరికే రాసివ్వరు, సెక్షన్ 9 పెడతారు. ఒక అర్థమే చెప్పండి, ఆలోచించుకుని రండి.” ఇంగ్లీషు అక్షరాల్లో ఎలా రాయాలో కూడా ఆలోచించుకోమన్నాడు. మొదట్లో రెండు ‘ఓ’లు పెట్టాలా, ఒక్క ‘యు’ పెట్టాలా అన్నది.

నేను రెండు రకాలుగానూ లేబుల్ ప్రింటు తీయించి టీపాయ్ మీద పెట్టాను. మా ఎదుటి ఫ్లాట్ అమ్మాయి కిర్గిజ్‌స్తాన్ రాజధాని బిష్కెక్‌లో ఎంబీబీఎస్ చదువుతోంది, సెలవులకి వచ్చింది. వచ్చీ రాగానే రెండు ‘ఓ’ల లేబుల్ చేతిలోకి తీసుకుని పడీ పడీ నవ్వింది. “ఆంటీ, దీన్ని మా దగ్గర ఓరు అని చదువుతారు. కిర్గిజ్ భాషలో ఓరు అంటే జబ్బు. ఆస్పత్రిని ఓరుకానా అంటారు, రోజూ ఆ బోర్డు కిందనుంచే వెళ్తాను.”

“పచ్చడికి జబ్బని పేరెట్టుకుంటామేటి! ఒగ్గెయ్ అమ్మా ఆ పేరు,” అన్నారు అత్తయ్య.

నేను రెండో లేబుల్ చూపించాను. “ఇదా? చివరి అచ్చు ఊడగొడితే ఉర్ అవుతుంది ఆంటీ. ఉర్ అంటే కొట్టు.”

అత్తయ్య మొహం వెలిగింది. “ఇదేదో బాగున్నాది. కొట్టంటే సరుకు అమ్ముడైపోతాది.”

ఆ అమ్మాయికి ఒక క్షణం అర్థం కాలేదు, తరవాత పిడికిలి బిగించి అరచేతిలో గుద్ది చూపించింది. “ఆ కొట్టు కాదు మామ్మగారూ, ఈ కొట్టు!”

అందరం నవ్వుకున్నాం గాని నేను ఆ రాత్రి దాని గురించే ఆలోచించాను. కిరాణా కొట్టూ, వీపు మీద కొట్టూ ఇంట్లో రోజూ పక్కపక్కనే తిరుగుతుంటాయి, ఎవరికీ తికమక రాదు. అదే పని పరాయి భాష చేస్తే మాత్రం నవ్వొస్తుంది. ఓరుకానాలో ఆ ‘కానా’ ఎక్కడో విన్నట్టుందే అని చూస్తే అది మన దవాఖానా, కార్ఖానాలో ఉన్న ఖానాయే. పారసీ మాట, అటు మధ్య ఆసియాకీ ఇటు మన దేశానికీ వెళ్ళింది. అక్కడ లైబ్రరీని కితెప్‌కానా అంటారట. అంటే ఒకే బోర్డు మీద ముందు సగం మనకేమీ కాదు, వెనక సగం మన ఇంట్లో తిరిగేదే.

అక్కడితో ఆపేసి ఉంటే బాగుండేది. మా మేనల్లుడు జర్మనీలో ఉన్నాడు, వాడికి రెండు లేబుళ్ళూ ఫొటో తీసి పంపాను. వాడు ఆ సాయంత్రమే ఫోన్ చేశాడు.

“అత్తా, ఊర్ అంటే ఇక్కడ గడియారం. ఎనిమిదింటికి అనాలన్నా ‘ఆఖ్ట్ ఊర్’ అనాలి. ఇంకో ఉర్ ఉంది, అది మాట ముందు తగిలిస్తారు, ఆదిమ, మొట్టమొదటి అని. మనిషి చెయ్యి పడని పాత అడవిని ఉర్‌వాల్ట్ అంటారు, ముత్తాతని ఉర్‌గ్రోస్‌ఫాటర్ అంటారు.”

రెండోది నాకు తెగ నచ్చింది. ఆదిమ ఊరగాయ! వాడి రూమ్మేటు హంగరీ అబ్బాయి. వాళ్ళకి ఊర్ అంటే దొరగారు, పేరు చివర మనం ‘గారు’ తగిలించినట్టు తగిలిస్తారు. అదే ఊర్‌ని మూతి సున్నాలా చుట్టి కొంచెం ‘ఈ’కారం కలిపి పలికితే శూన్యం, అంతరిక్షం. వీడు ఫోన్లో నాలుగు సార్లు పలికి చూపించాడు, నాకు నాలుగూ ఒకేలా వినపడ్డాయి. ఇంతవరకూ బాగానే ఉంది. చివర్లో గొంతు తగ్గించి, “మా ఆఫీసులో టర్కీ అతనికి చూపించానత్తా. మొహం అదోలా పెట్టాడు. వాళ్ళ భాషలో ఉర్ అంటే కణితి” అన్నాడు.

జబ్బు, దెబ్బ, కణితి. మూడు రోజులు ఆ పేరు ఎత్తలేదు నేను. ఆ మధ్యలో ఇంకో వింత చదివాను. కిర్గిజ్, టర్కీ ఒకే కుదురు భాషలు, రెండింటికీ ‘కొట్టు’ అనే మాట ఒకటే, కాకపోతే టర్కీలో దానికి ముందు ‘వ’ చేరి వుర్ అయిపోయింది. అంటే నిజంగా అన్నదమ్ములైన రెండు మాటల్లో ఒకటి వేషం మార్చుకుంది, ఆ ఖాళీ చోట్లో ఏ సంబంధమూ లేని కణితి కూర్చుంది. ఇలాంటివి చదువుతుంటే తెల్లారిపోతుంది, జాగ్రత్త.

ఈలోగా మా చినమావయ్యగారు ఫ్యామిలీ గ్రూపులో పొడుగాటి ఫార్వర్డ్ పెట్టారు. ప్రపంచంలో తొలి మహానగరం పేరు ఊర్ అనీ, అది ఇరాక్‌లో ఉందనీ, ఊరు అనేది తెలుగు మాట గనక దాన్ని కట్టింది మనవాళ్ళేననీ, కోడలు పెట్టుకున్న పేరుకి అయిదు వేల ఏళ్ళ చరిత్ర ఉందనీ. కింద పద్నాలుగు నమస్కారాలు. నిజమైతే ఎంత బాగుండునని నాకూ అనిపించింది, అబద్ధం ఎందుకు, లేబుల్ వెనక రాయడానికి కూడా ఒక వాక్యం అనేసుకున్నాను. తీరా చూస్తే 1922 నుంచి 1934 దాకా లియోనార్డ్ వూలీ తవ్వించిన ఆ పట్నం పేరు అక్కడి ప్రాచీనులైన సుమేరువాళ్ళ నోట్లో ఉరిమ్. విడిగా ఉర్ అనే మాట కూడా సుమేరులో ఉంది, దానికి అర్థం కుక్క. “అయితే మన ఊరకుక్క అక్కడిదేనా మావయ్యగారూ?” అని గ్రూపులో పెట్టాను. పెట్టకుండా ఉండాల్సింది. ఆయన వారం రోజులు గుడ్ మార్నింగ్ పెట్టలేదు.

మా పై అంతస్తులో ఒక మాస్టారున్నారు, తెలుగు పండితుడిగా రిటైరై చాలా ఏళ్ళయింది. నిజానికి మొదటే వెళ్ళి ఆయన్ని అడగాల్సింది. అడగడానికి వెళ్ళే ముందు రోజు రాత్రి నాకు ఇంకోటి దొరికింది. స్పెయిన్, ఫ్రాన్స్ సరిహద్దు కొండల్లో బాస్క్ అనే భాష ఉంది, చుట్టుపక్కల ఏ భాషతోనూ చుట్టరికం తేలని భాష. అందులో ఉర్ అంటే నీళ్ళు! మనకి నీళ్ళు ఊరతాయి, ఊట బావి, ఊట గెడ్డ అంటాం. అమెరికా కనిపెట్టినంత సంబరంగా మెట్లెక్కాను.

ఆయన అంతా విని, “ఒక్క మాట కలిస్తే చుట్టాలైపోరమ్మా, వరసలు కలవాలి,” అన్నారు. కలవడం అంటే ఎలాగో కూడా చెప్పారు. మనం పాలు అంటే కన్నడంవాళ్ళు హాలు అంటారు, పులిని హులి అంటారు, పల్లుని హల్లు అంటారు, పువ్వుని హూవు అంటారు. ఒక చోట ‘ప’ ఉన్నప్పుడల్లా ఇంకో చోట ‘హ’ ఉంటోంది. చూడ్డానికి వేరు వేరు, కాని వరస తప్పడం లేదు, అది చుట్టరికం. బాస్క్ మాటకీ మనకీ అలాంటి వరస ఒక్కటైనా చూపించు, కాఫీ ఇప్పిస్తాను అన్నారు. చూపించలేకపోయినా ఇప్పించారు.

లెక్కల టీచర్ని కాబట్టి నాకు అది ఇంకోలా బుర్రకెక్కింది. క్లాసులో ఏటా ఒక ఆట ఆడించేదాన్ని. 23 మంది ఉంటే చాలు, అందులో ఏ ఇద్దరిదో పుట్టినరోజు ఒకటే అయ్యే అవకాశం సగం కన్నా ఎక్కువ. పిల్లలు నమ్మరు, ఎందుకంటే ఎవడికి వాడు తన పుట్టినరోజుతో కలవాలనుకుంటాడు, ఎవరితో ఎవరిది కలిసినా చాలన్నది తట్టదు. భాషలు ఏడు వేలకి పైన ఉన్నాయి. ‘ఉ’ అనే అచ్చు దాదాపు అన్నిట్లోనూ ఉంటుంది, ‘ర’ కూడా చాలా వాటిల్లో ఉంటుంది. ఈ రెండూ పక్కపక్కన పడితే ప్రతి భాషా దానికి ఏదో ఒక పని అప్పజెప్పేస్తుంది, ఒకరు గడియారం, ఒకరు దొర, ఒకరు కుక్క. ఇన్ని అర్థాల్లోంచి నీళ్ళని ఏరి తెచ్చుకుని మురిసిపోయింది నేనే, గడియారం ఎందుకు కలవలేదని ఒక్కసారీ అడగలేదు.

అర్థం కూడా కలిసిపోయే సందర్భాలుంటాయి. ఆస్ట్రేలియా ఉత్తర క్వీన్స్‌లాండ్‌లో ఎంబబరం అనే భాష మీద 1960ల్లో ఆర్.ఎం.డబ్ల్యూ. డిక్సన్ అనే ఆయన పనిచేశారు. మీ భాషలో కుక్కని ఏమంటారని అక్కడి పెద్దాయన్ని అడిగితే “డాగ్” అన్నాడు. ఇంగ్లీషు నుంచి తెచ్చుకున్నారేమో అనుకుంటాం కదా, కాదు. చుట్టుపక్కల భాషల్లో గుడగ అనే మాట ఉంది, ఆ భాషలో ముందు ముక్క, చివరి అచ్చు ఊడిపోయి అక్కడికి దిగింది. ఇది చదివాక నేను చినమావయ్యగారికి ఫోన్ చేసి సారీ చెప్పాను.

కాఫీ అయ్యాక మాస్టారు పాత క్యాలెండరు కాగితం వెనక రెండు మాటలు రాశారు. ఊరు. ఊఱు.

“ఇది బండి ఱ. మీ తరానికి చూపించినవాళ్ళు లేరు. గ్రామం మామూలు ర. నీళ్ళు ఊఱడం, కాయ ఊఱడం, నోరు ఊఱడం అన్నీ బండి ఱ. రెండు వేరు మాటలమ్మా. పలకడంలో తేడా పోయింది, రాయడం మానేశాం, ఇప్పుడు ఒకటే అనుకుంటున్నాం. తమిళులు ఇప్పటికీ ఊరుకి ఒక ర, ఊరగాయకి ఇంకో ర రాస్తారు.”

నేను ఆ కాగితం వంక చూస్తూ కూర్చుండిపోయాను. ఇరాక్‌లో ఊరు మనది కాదంటే బాధ లేదు, బాస్క్ నీళ్ళు పోయినా ఫరవాలేదు. జాడీ ముందు నిలబడి నాకు ఠక్కున వెలిగిందే, ఆ కలయిక కూడా ఉత్తదేనన్నమాట. బిష్కెక్ దాకా ఎందుకు, మా వంటింట్లోనే ఏ సంబంధమూ లేని ఇద్దరు ఒకే పేరుతో తిరుగుతున్నారు.

ముహూర్తానికి అత్తయ్య పంతులుగారిని పిలిచారు. పేరు వినగానే ఆయన, “ఊరు అంటే సంస్కృతంలో తొడ తల్లీ. భీముడు దుర్యోధనుడికి చేసినది ఊరుభంగం,” అన్నారు. అత్తయ్య నా వంక చూసిన చూపు ఇంకా గుర్తుంది. కాని అప్పటికి నేను రాటుదేలిపోయాను. ఏ మాట తెచ్చినా ఎక్కడో ఎవరో మొహం చిట్లిస్తారు, మన కొనేవాళ్ళు ఎలా చదువుతారో చూసుకోవాలి అంతే అని రెండు లేబుళ్ళూ కొరియర్ అబ్బాయికీ, వాచ్‌మన్‌కీ, మా పాప స్నేహితురాళ్ళకీ చూపించాను. ‘యు’ పెట్టినదాన్ని సగం మంది ఉరు అన్నారు. రెండు ‘ఓ’లదాన్ని అందరూ ఊరు అనే చదివారు. చివరి అక్షరం తీసేస్తే అది డచ్ భాషలో ఓర్, అంటే చెవి అవుతుందని కూడా అప్పటికి నాకు తెలుసు, కాని డచ్చివాళ్ళు మన దగ్గర భీమిలి సమాధుల్లో తప్ప లేరు గదా అని ధైర్యం.

పంతులుగారు శుక్రవారం సూర్యోదయం పెట్టారు. శుక్రవారం మొదటి గంట శుక్రహోర, ఆన్‌లైన్లో చేసేదానికి ఆఫీసు తెరిచేదాకా ఆగడం దేనికి అని ఆయన వాదన, దానికి నా దగ్గర జవాబు లేదు. ఆడిటర్ ఆఫీసు కుర్రాణ్ణి బతిమాలి అయిదున్నరకి లేపాను. వాడు వాళ్ళింట్లో, నేను మా ఇంట్లో, ఫోన్ స్పీకర్లో. అర్థం దగ్గర గ్రామం అని వేయించాను, భాష తెలుగు, అక్షరాలు రెండు ‘ఓ’లు, ఆర్, యు. డబ్బు కట్టే చోట ఓటీపీ రాదు. గుండ్రంగా తిరుగుతూనే ఉంది. అత్తయ్య పంచాంగం పట్టుకుని ఆరున్నర లోపు అవ్వాలని నా వెనకే నిలబడ్డారు.

ఊరికే కూర్చోలేక హోర అనే మాట వెతికాను, అప్పటికి అది వ్యసనమైపోయింది. అహోరాత్రంలో మొదటి అక్షరం, చివరి అక్షరం తీసేస్తే హోర అని వరాహమిహిరుడి రోజుల్లోనే కొందరు చెప్పేవారు, మన పంతులుగారూ అదే చెప్పారు. కాని ఆ మాట జ్యోతిషంతో పాటు గ్రీకుల దగ్గర్నుంచి వచ్చింది, వాళ్ళకి హోరా అంటే వేళ, గంట. అదే హోరా లాటిన్‌లోకి వెళ్ళి, ఫ్రెంచివాళ్ళ నోట్లో ‘హ’ పోగొట్టుకుని, జర్మన్లోకి వచ్చేసరికి ఊర్ అయింది. ఇంగ్లీషు అవర్ కూడా అదే. అంటే ఇన్నాళ్ళూ నేను పోగేసిన ఊర్‌లన్నిట్లో మా మేనల్లుడి గడియారం ఒక్కదానికి మా ఇంట్లో నిజమైన చుట్టం ఉంది, అది అత్తయ్య చేతిలో పంచాంగంలో ఉంది, దాని పేరు అసలు ఊరు లాగే లేదు. ఆ పొద్దున్న ఆవిడకి ఇదంతా చెప్పబోయాను. “ముందు డబ్బు కట్టమ్మా” అన్నారు.

ఓటీపీ ఆరూ నలభైకి వచ్చింది. శుక్రహోర దాటిపోయింది. పంతులుగారికి ఫోన్ చేస్తే తరవాతది బుధహోర, వ్యాపారానికి ఇంకా మంచిది అన్నారు, ముందే చెప్పొచ్చు కదా.

నాలుగు నెలలకి ట్రేడ్‌మార్కు ఆఫీసు నుంచి రిపోర్టు వచ్చింది, సెక్షన్ 9 కింద అభ్యంతరం. సరుకు ఊరగాయ, పేరు ఊరు, ఇది సరుకు తయారయ్యే తీరు చెప్పే మాట కదా అని. న్యాయమైన ప్రశ్న, నేనైనా అదే అడుగుదును. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఆడిటర్ గారు చెన్నైలో ఒక లాయరమ్మ నంబరిచ్చారు. ఆవిడ తమిళురాలు, నేను వచ్చీరాని ఇంగ్లీషులో ఊరు, ఊఱు అని మొదలుపెట్టానో లేదో, “అవి రెండూ వేరే గదా! స్పెల్లింగే వేరు” అని ఆవిడే అందుకున్నారు. మాస్టారికి చదువూ వయసూ ఉండి తెలిసిన సంగతి ఆవిడకి ఒకటో క్లాసు నుంచే వచ్చు. జవాబులో తమిళంలో రెండు మాటలూ, పాత తెలుగులో రెండు మాటలూ పక్కపక్కన వేసి, దరఖాస్తుదారు పెట్టుకున్న పేరు గ్రామం అనే అర్థం వచ్చే మాట, ఊరడానికి దీనికి సంబంధం లేదు అని రాశారు. వీడియోలో హియరింగ్ పెట్టారు, నేను ఇస్త్రీ చీర కట్టుకుని కూర్చున్నాను, అయిదు నిమిషాల్లో అయిపోయింది, నన్నెవరూ ఏమీ అడగలేదు.

ఒప్పుకున్నారు. ఇప్పుడు ట్రేడ్‌మార్కు జర్నల్లో వేశారు, నాలుగు నెలలు ఎవరైనా అభ్యంతరం చెప్పొచ్చు, రెండు గడిచాయి. అంతవరకూ లేబుల్ మీద చిన్నగా టీఎం అని వేసుకోవచ్చు గాని గుండ్రంలో ఆర్ వేయకూడదు, రిజిస్టరు కాకుండా వేస్తే నేరం. ఇందులో నా మనసుకి కొంచెం గుచ్చుకునేది ఒకటుంది. నాకు కావలసింది రెండు అర్థాలూ, ఫారంలో చెప్పింది ఒకటి. సీసా చూసినవాడు నోరూరి కొంటాడు, గ్రామం గుర్తొచ్చి కాదు. మాస్టారితో అంటే “బండి ఱ పోయింది మనవల్ల కాదు కదమ్మా” అని నవ్వేశారు.

ఈ ఏడు మాగాయ పోయిన వారం పెట్టాం. ఎదుటి ఫ్లాట్ అమ్మాయి మళ్ళీ సెలవులకి వచ్చింది, వెళ్ళేటప్పుడు రెండు సీసాలు కావాలంది. పాపం అక్కడ ఇబ్బంది పడుతుందని లేబుల్ లేకుండా ఉత్త సీసాలు ఇవ్వబోయాను.

“వద్దాంటీ, లేబుల్ ఉన్నదే ఇవ్వండి,” అంది. “నాతో ఉండేవాళ్ళిద్దరూ అక్కడి అమ్మాయిలే. ఫ్రిజ్‌లో ఏం పెట్టినా తినేస్తారు. జబ్బు అని రాసున్న సీసా ఒక్కటీ ముట్టుకోరు.”